కవులు లేరన్నవాళ్లకు జవాబు ఎలా ఇవ్వాలి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన కవితలూ, వాటితో పాటు పెట్టిన ఆ పెద్ద వ్యాసమూ చదివాను. ముందు వ్యాసం సంగతి మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో ఎవరో వేసిన కవితా సంకలనంలో మన వైపు వాళ్లు ఒక్కరూ లేరని నీకు కోపం వచ్చింది. కోపం న్యాయమైనదే. కానీ వ్యాసమంతా వెతికినా, అందులో ఉండాల్సిన కవి ఎవరో, ఏ ఊరివాడో, ఏ కవిత చూసి ఆయన్ను చేర్చాలో ఎక్కడా దొరకలేదు. ‘వివక్ష’, ‘అణచివేత’, ‘నిర్లక్ష్యం’ మాత్రం పేరాకు రెండు చొప్పున ఉన్నాయి. ఇది చదివిన సంపాదకుడు ‘అవును పాపం’ అనుకుని పక్కన పెడతాడు. రేపు మళ్లీ సంకలనం వేస్తే మళ్లీ ఆ పేర్లే వేస్తాడు. ఎందుకంటే అతని దగ్గర ఉన్నవి ఆ పేర్లే. కొత్త పేర్లు నువ్వూ ఇవ్వలేదు.

నీది గద్వాల పక్క కాబట్టి ఆ ప్రాంతం మనిషి గురించే చెప్తాను. ఇటిక్యాలపాడు నీకేం దూరం కాదు. ఆ ఊరివాడే సురవరం ప్రతాపరెడ్డి, ఆయన పేరు నీకు తెలుసు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం చూసే ఉంటావు. ఈమధ్య హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే పెట్టారు. విగ్రహాలతో వచ్చే చిక్కు ఏంటంటే, జయంతికి ఓ దండ, వర్ధంతికి ఓ దండ వేసేసి, ఆ మనిషి రోజూ కూర్చుని ఏం పని చేసేవాడో ఎవరూ అడగరు. నాకు కావాల్సింది ఆ పనే. నీకు పనికొచ్చేదీ అదే.

1896లో పుట్టారు. నది దాటితే కర్నూలు, అక్కడ చదువు. తర్వాత మద్రాసులో బి.ఏ., ఆపైన లా. వకీలుగా స్థిరపడి హాయిగా బతకొచ్చు. ఆయన మాత్రం హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పనుల్లో పడ్డారు, అక్కణ్నుంచి పత్రికలోకి వెళ్లారు. అప్పటి హైదరాబాద్ రాజ్యం సంగతి నీ వయసు వాళ్లకు చెప్తేగానీ తెలియదు. జనంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. బడిలో, కచేరీలో, కోర్టులో నడిచేది ఉర్దూ. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఓ సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంతోనే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడాది ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెలుగు పత్రిక’, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారు ‘నీలగిరి పత్రిక’ తెచ్చారు. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తర్వాత 1926 మే 10న ‘గోలకొండ పత్రిక’ వచ్చింది, వారానికి రెండుసార్లు. సంపాదకుడు ప్రతాపరెడ్డి గారు. ఇది నిలిచింది.

నిలిచింది అని ఒక్క మాటలో రాసేశాను గానీ, ఆ నిలబడటంలోనే నువ్వు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వార్త రాయాలి, సంపాదకీయం రాయాలి, అచ్చుతప్పులు దిద్దాలి, చందాదారులకు పంపాలి. రాసేవాళ్లు సరిపోకపోతే తనే రకరకాల పేర్లతో రాసి పేజీ నింపాలి. చిత్రగుప్త అని ఒక పేరు, భావకవి రామమూర్తి అని ఇంకో పేరు, ఇలా చాలా ఉన్నాయి. పైన సర్కారు కన్ను ఎప్పుడూ ఉంటుంది. గస్తీ నిషాన్ 53 అని ఓ ఫర్మానా ఉండేది, దాని ప్రకారం అనుమతి లేకుండా సభ కూడా పెట్టకూడదు. అలాంటి చోట పత్రిక మూతపడకుండా, చెప్పాల్సింది మానకుండా నడపాలి. రెడ్డి హాస్టల్ వెనుక ఉన్న పెద్దమనిషి ఎవరనుకున్నావు? నగర కొత్వాల్, అంటే పోలీసు అధిపతి, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు. ఆ నీడలో పనిచేస్తూనే ప్రతాపరెడ్డి గారు ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ అని కథ రాశారు. పదకొండు గుమ్మడికాయలకు పన్నెండు మంది కొత్వాళ్లు! ‘మొగలాయి కథలు’ దొరికితే చదువు, అధికారుల దోపిడీ మీద అలా నవ్వుతూ రాయడం మీ తరంలో ఎవరికీ చేతకావడం లేదు. అందరూ పళ్లు కొరుకుతూనే రాస్తున్నారు.

ఇక అసలు విషయం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ఒక పండితుడు రాశారు. పూజ్యం అంటే ఇక్కడ సున్నా. ఆ మాట ఎంత తెలివితక్కువదో మన వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అనేవారు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవి పండితులకు సన్మానాలు చేసేవి. తిరుపతి వెంకట కవులంతటి వాళ్లు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి వెళ్లారు. నువ్వే ఆ రోజుల్లో సంపాదకుడివైతే ఏం చేసేవాడివి? నీ వ్యాసం చూశాక నాకు అనుమానం లేదు. నాలుగు కాలమ్‌ల సంపాదకీయం రాసి, ఆ పండితుణ్ని కడిగేసేవాడివి. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఓ నెల తర్వాత అందరూ మరిచిపోయేవాళ్లు.

ప్రతాపరెడ్డి గారు మాత్రం కవుల్ని పోగేశారు. పత్రిక ద్వారా కబురు పెట్టారు: మీ వివరాలు పంపండి, మీ పద్యాలు పంపండి, మీ ఊళ్లో పాత కవులుంటే వాళ్ల సంగతీ రాయండి అని. ఫోన్లు లేవు, సగం ఊళ్లకు రోడ్లు లేవు. ఎడ్లబండి, పోస్టు, మనిషి మనిషికి చెప్పిన కబురు, ఇంతే. అలా వచ్చినవన్నీ కూర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. పాత తరం వాళ్లున్నారు, అప్పటికి బతికున్నవాళ్లున్నారు, స్త్రీలూ ఉన్నారు. ఆ పుస్తకం వచ్చాక ‘లేరు’ అని మళ్లీ అనాలంటే ఆ 354 మందినీ దాటుకుని అనాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, పెద్దలు కొందరికి నచ్చకపోవచ్చు. ఆ సంచికలో పద్యాలన్నీ గొప్పవి కావు. చాలా వరకు మామూలు పద్యాలు. దేవుడి మీద స్తుతి, రాజు మీద పొగడ్త, పాత దారిలో పాత నడక. మంచి రుచి ఉన్న సంపాదకుడు సగం తీసేసేవాడు. ప్రతాపరెడ్డి గారికి రుచి లేక కాదు, సంస్కృతాంధ్రాలు బాగా చదువుకున్న మనిషి. అప్పుడు కావాల్సింది ఏరివేత కాదనీ, హాజరు పట్టీ అనీ ఆయనకు తెలుసు. ఊరు పేరుతో సహా ఎంతమంది ఉన్నారో చూపించడమే ఆ పుస్తకం పని. ఈ తేడా నీ బుర్రలో గట్టిగా పెట్టుకో. మన జిల్లా కవుల జాబితా తయారు చేసేటప్పుడు నచ్చినవాడూ నచ్చనివాడూ అని చూడకు, అందర్నీ చేర్చు. నీ సొంత కవితా సంపుటి వేసేటప్పుడు మాత్రం దయాదాక్షిణ్యం లేకుండా తీసెయ్. మన వాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తున్నారు. సంకలనం వేస్తే సొంత గుంపు వాళ్లను మాత్రమే ఏరుతారు, సొంత పుస్తకం వేస్తే పెళ్లి శుభాకాంక్షలకు రాసిన పద్యం కూడా వదలరు.

కవిగా ఆయన్ను నేను మొదటి వరుసలో కూర్చోబెట్టను. ఆయన పద్యం శుభ్రంగా ఉంటుంది, అంతే. కానీ కవిత్వాన్ని ఆయన చదివిన తీరు నాకు చాలా ఇష్టం. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1953లో ఆయన పోయారు, 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ఆ అవార్డు అందుకున్న మొదటి పుస్తకం అదే. మనం చరిత్ర అంటే ఏ రాజు ఏ రాజును ఎప్పుడు ఓడించాడు అని చదువుకున్నాం. ఆయన రాజుల్ని కొంచెం పక్కకు జరగమని, ఆ కాలంలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండగ ఎలా చేసుకున్నారు, ఏ మూఢనమ్మకాలు పెట్టుకున్నారు అని అడిగారు. ఇవన్నీ శాసనాల్లో దొరకవు. కాబట్టి కావ్యాల్లో వెతికారు. బసవపురాణం, పల్నాటి వీరచరిత్ర, సింహాసన ద్వాత్రింశిక, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి, ఇలా. పండితులు అలంకారాలు లెక్కపెట్టుకునే చోట ఆయన చెప్పులూ, దుప్పట్లూ, పాచికలూ వెతికారు.

క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఒక పద్యం ఉంది. ఓరుగల్లులో ఒక పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు, అంటే ఆనాటి నాణేనికి, ఏమేం పెడతారో చెప్పే పద్యం. కప్పురభోగి అనే సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు. ఆ ఇంటి యజమాని పేరు కూడా ఉంది, లక్ష్మణ వజ్ఝల. మామూలు పాఠకుడు నోరూరి ముందుకెళ్తాడు. సాంఘిక చరిత్ర రాసేవాడి కళ్లతో చూడు: కాకతీయుల రాజధానిలో డబ్బులిచ్చి భోజనం చేసే చోట్లు ఉన్నాయి, దానికో ధర ఉంది, గోధుమ ఓరుగల్లు విస్తట్లోకి వచ్చింది, బయటూరి మనిషి సత్రంలో కాకుండా ఇలా కూడా తినొచ్చు. ఆ కవి ‘ఓరుగల్లు సిరిసంపదలతో తులతూగుతోంది’ అని ఊరుకుంటే ఇందులో ఒక్కటీ మనకు మిగిలేది కాదు. మెస్ బోర్డు మీద ఉండేలాంటి పట్టీ రాశాడు కాబట్టి మిగిలింది.

ప్రతాపరెడ్డి గారి తీర్పులన్నీ ఒప్పుకోమని నేను అనడం లేదు. కొన్నిచోట్ల ఆయన ఆ కాలపు పెద్దకులం మనిషిగానే చూస్తారు, కొన్నిచోట్ల తొందరపడి తేల్చేస్తారు. వాదించాల్సిన చోట వాదించు. కానీ ఆయన మాట తప్పని చూపించడానికి కావాల్సిన సరుకు కూడా చాలాసార్లు ఆయన పేజీలోనే దొరుకుతుంది, అది గమనించు.

ఇప్పుడు నీ కవితల దగ్గరికి వద్దాం. సీడ్ పత్తి మీద, అదే కంపెనీలకు విత్తనం కోసం వేసే పత్తి మీద, రాసిన కవిత ఉంది కదా. ‘తెల్లబంగారం’, ‘ఎర్రని నెత్తురు’, ‘ఎండిన కన్నీరు’. ఈ కవిత వరంగల్‌లో కూర్చున్నవాడూ రాయగలడు, ఆదిలాబాద్‌లో కూర్చున్నవాడూ రాయగలడు, చేను ఎన్నడూ చూడనివాడూ రాయగలడు. గద్వాల వాడివి నువ్వు. సాయంత్రం పూట వరసలో వంగి మొగ్గ పొట్టు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో గీకేయడం నువ్వు చూశావు. పొద్దున్నే మగపువ్వు కోసుకొచ్చి, నిన్న ఒలిచిన మొగ్గకు రుద్దడం చూశావు. క్రాసింగ్ టైమ్‌లో బడిలో ఏ పిల్లలు కనిపించరో నీకు తెలుసు. కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే ఆర్గనైజర్ అప్పు ఎలా ఇస్తాడో, విత్తనం ఫెయిల్ అయిందని కంపెనీ వాళ్లు చెప్తే ఆ అప్పు ఎవరి నెత్తిన పడుతుందో నువ్వే వార్తగా రాశావు. నీ కవితలో ఆర్గనైజర్ అన్న మాట లేదు. క్రాసింగ్ అన్న మాట లేదు. అవి కవితకు పనికిరాని మాటలని ఎవరు చెప్పారు నీకు? ఒక చిన్నపిల్ల గోళ్ల సందుల్లో ఇరుక్కున్న ఆకుపచ్చ పసరు రాయి. కన్నీళ్ల మాట నువ్వు ఎత్తక్కర్లేదు.

ఇంకోటి, తుంగభద్ర మీద రాసిన కవితలో నదిని అమ్మా అమ్మా అని తెగ పిలిచావు. ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ చివరి భూములకు నీళ్లు రాని సంగతి ఒక్క లైనులో కూడా లేదు. మీ నాన్న వయసు వాళ్లు తూము దగ్గర రాత్రుళ్లు కాపలా కూర్చున్న కథలు మీ ఇంటి అరుగు మీదే దొరుకుతాయి.

ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు: విలేకరి పని మానేసి పూర్తిగా కవిత్వం రాసుకోవాలా అని. అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకు కూడా చాలడం లేదనీ, యాడ్స్ తెమ్మని టెన్షన్ పెడుతున్నారనీ రాశావు. డబ్బుల కోసమో, యాడ్ల కోసమో మానేస్తానంటే అది వేరే లెక్క, ఇంట్లో వాళ్లతో కూర్చుని తేల్చుకో, నేను అడ్డం రాను. కవిత్వం కోసం మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను. నీలాంటి ఓ స్ట్రింగర్‌కు, జీతం లేని ఊరి విలేకరికి, దొరికినంత సరుకు ఏ కవికి దొరుకుతుంది? పోలీస్ స్టేషన్, మార్కెట్ యార్డు, ప్రభుత్వాసుపత్రి, పంచాయితీ, జాతర, అన్నీ నీ బీటులోనే ఉన్నాయి. డెస్క్‌లో ఉన్నవాడు నీ ఇరవై లైన్ల వార్తను ఆరు లైన్లు చేసినప్పుడు తిట్టుకోకు, ఏ లైన్లు ఉంచాడో చూడు. కవితకు కూడా ఆ చదువు పనికొస్తుంది.

నీ పనిలో నిజంగా ప్రమాదం ఉన్నది భాష దగ్గర. ఊళ్లో ఎవరు చనిపోయినా ‘గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి’, ఇంట్లో వాళ్లు ‘కన్నీరుమున్నీరయ్యారు’, కుటుంబం ‘శోకసంద్రంలో మునిగింది’. ఇవి రాత్రి తొమ్మిదింటికి ఫైల్ పంపాల్సినవాడికి చేతికి అందే మాటలు, తప్పు పట్టను. కానీ నీ కవితల్లోకి కూడా వచ్చేశాయి. అమ్మమ్మ మీద రాసిన దాంట్లో ‘విషాదఛాయలు’ చూసి నాకు నిజంగా బాధేసింది. మీ అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లో ఎవరు ఏమన్నారో, పొయ్యి ఎవరు వెలిగించారో నీకు గుర్తుండదా? అది రాయి.

ఒక పని చెప్తాను, చేస్తే చెయ్, లేకపోతే ఆ కోపం వ్యాసం మళ్లీ నాకు పంపొద్దు. మన వైపు రాసేవాళ్ల పేర్లు పోగు చెయ్. పుస్తకాలు వేసినవాళ్లే కాదు, తత్వాలు పాడేవాళ్లు, యక్షగానం రాసినవాళ్లు, భజన మండలి కోసం పాటలు కట్టినవాళ్లు, నాట్లప్పుడు పాట ఎత్తుకునే ఆడవాళ్లు, శ్రీశైలం ముంపులో ఊరు పోయినప్పుడు దాని మీద పాట కట్టినవాళ్లు. ప్రతి ఒక్కరికీ పేరు, ఊరు, ఏం రాశారు లేదా ఏం పాడతారు, నీకు ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఇవి తప్పనిసరి. పాట ఫోన్‌లో రికార్డు చేస్తే మొదట్లో వాళ్ల గొంతుతోనే పేరూ ఊరూ చెప్పించు. అచ్చు వేస్తావని ముందే చెప్పి, సరే అన్నాకే తీసుకో. ‘ఓ వృద్ధురాలు పాడిన పాట’ అని రాసావో, ఆ పండితుడు చేసిన పనే నువ్వూ చేసినట్టు. ఒకరి దగ్గర పాట తీసుకుని పేరు ఎగ్గొట్టడం మన వాళ్లకు మామూలైపోయింది.

పాత వాళ్ల సంగతుల కోసం సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్లు. 1901లో పెట్టిన గ్రంథాలయం. వెళ్లే ముందు కావాల్సినవి రాసుకుని వెళ్లు, ఊరికే అలమారలు తిరగేస్తే రోజు గడిచిపోతుంది. గద్వాలలో పాత ఇళ్లలో ఉండే కాగితాల కట్టలు ఉన్నాయే, అవి చెదలు పట్టకముందు అడుగు. మొదట్లో ఇవ్వరు. మూడోసారి వెళ్లినప్పుడు టీ తాగి కూర్చుంటే ఇస్తారు, ఫొటో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చెయ్. ఇంటికి తీసుకెళ్తానని అడగొద్దు.

జోగిపేటలో 1930లో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవాడూ, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచినవాడూ ప్రతాపరెడ్డి గారే. ఇవి కూడా నీకు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, క్విజ్ పోటీల్లో అడుగుతారు. నాకైతే ఆ 354 పేర్లు సరిచూస్తూ కూర్చున్న మనిషే ఎక్కువ ఇష్టం.

అత్తయ్య నీ కవితలు చదివింది. సీడ్ పత్తి మీద నేను అన్నదే తనూ అంది, ఇంకాస్త గట్టిగా. బతుకమ్మ సెలవులకు వస్తే ఇంటికి రా. జాబితాలో మొదట మీ మండలం పూర్తి చెయ్, ఆ తర్వాత అలంపురం వైపు పో. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపకు, మామూలు ఫైల్ పంపు. నాకు తెలిసిన పేర్లు కొన్ని ఉన్నాయి, వాటిని నేను అందులోనే చేర్చి తిరిగి పంపుతాను.

మీ అన్న